బీరువా మీది గిటార్ కిందికి దించండి

మీ ఇంట్లో గిటార్ ఉందా? ఉంటే ఎక్కడుందో నేను చెప్పగలను: బీరువా మీద, నల్ల కవర్లో, జిప్పు సగం తెరుచుకుని, పక్కనే పాత సూట్‌కేసు. ఇంజనీరింగ్ రెండో ఏడులో కొన్నదయ్యుంటుంది, లేదంటే లాక్‌డౌన్‌లో ఆన్‌లైన్‌లో తెప్పించింది. మూడు వారాలు వాయించి, వేళ్లు మండి, ఎఫ్ కార్డ్ (కార్డ్ అంటే కొన్ని స్వరాలు కలిపి ఒకేసారి పలికించడం) దగ్గర ఆగిపోయి, మనకు రాదులే అనుకుని పైన పెట్టేసి ఉంటారు. నాదీ అదే కథ. నాలుగేళ్లు అలాగే ఉంది, ముప్పై రెండో ఏట దించాను, దించి ఆరేళ్లయింది. పెద్ద కళాకారుణ్నేం కాలేదు గానీ, ఇంట్లో ఎవరు పాట ఎత్తుకున్నా వెనక వాయించగలను, వినాయక చవితి పందిట్లో కూర్చోమంటే చెమటలు పట్టవు. అక్కడిదాకా రావాలంటే ఏం చేయాలో వరసగా చెబుతాను. ముప్పై రోజుల్లో సోలోలు వాయించేయాలనుకునేవాళ్లకు ఇందులో పెద్దగా ఏమీ దొరకదు.

మొదలుపెట్టే ముందు ఒక సంగతి. సంగీతం రాదనుకునేవాళ్లలో చాలామందికి ఎవరైనా పాడుతూ శ్రుతి తప్పితే వెంటనే తెలిసిపోతుంది, మొహం చిట్లిస్తారు. గుళ్లో భజనలు, పెళ్లిళ్లలో సన్నాయి, బస్సులో సినిమా పాటలు వినీ వినీ చెవి ఎప్పుడో తయారైపోయింది, రానిదల్లా వేళ్లకే. నేను మొదటిసారి ఆ చెవిని అడగనే లేదు. కాగితం మీద చుక్కల బొమ్మలు చూసి, చెప్పినచోట వేలు పెట్టి, కొట్టి, అది పాటలా ఎందుకు లేదో అర్థం కాక కూర్చున్నాను. రెండోసారి చెవి దగ్గర నుంచి మొదలుపెట్టాను, తేడా అక్కడే వచ్చింది. కింద చెప్పేదంతా దాని చుట్టూనే తిరుగుతుంది.

ముందు గిటార్‌ని మనిషిని చేయండి

దించారు కదా, దుమ్ము తుడిచి తీగలు చూడండి. కింది మూడూ ప్లాస్టిక్‌లా ఉంటే అది నైలాన్ తీగల క్లాసికల్ గిటార్, నెక్ (ఎడమ చేత్తో పట్టుకునే పొడుగు భాగం) కూడా కొంచెం వెడల్పుగా ఉంటుంది. అన్నీ లోహమే అయితే మామూలు అకౌస్టిక్. క్లాసికల్ గిటార్‌కి మాత్రం స్టీల్ తీగలు ఎక్కించకండి, ఆ లాగుడుకి నెక్ వంగిపోతుంది, బ్రిడ్జి (కింద తీగలు బిగించే చెక్క ముక్క) ఊడినా ఊడుతుంది.

తర్వాత పిల్లల స్కేలు ఒకటి తీసుకుని పన్నెండో ఫ్రెట్ (నెక్ మీద అడ్డంగా ఉండే లోహపు పట్టీలే ఫ్రెట్‌లు, తల వైపు నుంచి లెక్కపెట్టాలి) దగ్గర లావు తీగకీ, దాని కింద ఉన్న లోహపు పట్టీకీ మధ్య ఎత్తు కొలవండి. రెండు నుంచి రెండున్నర మిల్లీమీటర్లు ఉంటే హాయిగా వాయించవచ్చు. నాది నాలుగు దాటి ఉంది! అంటే నేను మొదటి మూడు వారాలు గిటార్ వాయించలేదు, ఇనప తీగల మీద వ్యాయామం చేశాను. ఎత్తు ఎక్కువుంటే వాయిద్యాలు బాగుచేసేవాళ్ల దగ్గరికి తీసుకెళ్లి 'సెటప్ చేయండి, యాక్షన్ తగ్గించండి' అని చెప్పండి, వాళ్లకు అర్థమవుతుంది. బ్రిడ్జి మీది తెల్ల పట్టీని కాస్త అరగదీస్తారు, అవసరమైతే నెక్ లోపలుండే ఇనప కడ్డీని, ట్రస్ రాడ్ అంటారు, అలెన్ కీతో తిప్పి వంపు సరిచేస్తారు. ఆ కడ్డీ జోలికి మొదట్లో మీరు వెళ్లకండి, వీడియో ఎంత తేలిగ్గా చూపించినా సరే.

పాత తీగలు ఎలాగూ తుప్పు పట్టి ఉంటాయి కాబట్టి కొత్తవి వేయించండి. స్టీల్ తీగల ప్యాకెట్ మీద 10, 11, 12 అని అంకెలుంటాయి, అది అన్నిటికన్నా సన్న తీగ మందం, అంగుళంలో వెయ్యో వంతుల లెక్కలో. మామూలుగా 12 వేస్తారు. మీరు 10 అడగండి. శబ్దం కొంచెం పలచగా ఉంటుంది, పర్వాలేదు, వేళ్లు బతికి బయటపడతాయి.

కొత్తగా కొనేవాళ్లయితే, రంగురంగుల రెండు వేల రూపాయల గిటార్ల జోలికి పోకండి. ఎనిమిది, పది వేల దగ్గర యమహా ఎఫ్ 280 లాంటివి దొరుకుతాయి, నేర్చుకోవడానికి అది చాలు. షాపులోనే ఒక పరీక్ష చేయవచ్చు. పన్నెండో ఫ్రెట్ తీగను సరిగ్గా సగం చేస్తుంది కాబట్టి ఖాళీ తీగ (ఎక్కడా నొక్కకుండా మీటినప్పుడు) ఏ స్వరం పలికితే అక్కడ అదే స్వరం పైస్థాయిలో పలకాలి. ఫోన్లో ట్యూనర్ (స్వరం సరిగ్గా ఉందో లేదో ముల్లుతో చూపించే యాప్) పెట్టి ఆరు తీగలకీ చూడండి. ముల్లు బాగా పక్కకు పోతుంటే ఆ గిటార్ ఎంత మెరిసినా అక్కడే వదిలేయండి, దాన్ని జీవితంలో శ్రుతి చేయలేరు.

జాగ్రత్త విషయంలో నా గతి చెబుతాను. మే నెల, విజయవాడ, మధ్యాహ్నం. భోజనానికని ఆగి గిటార్‌ని కార్లోనే వదిలేశాం, రెండు గంటలు. తిరిగొచ్చి చూస్తే బ్రిడ్జి వెనక అంచు చెక్క నుంచి లేచి, ఆ సందులో విజిటింగ్ కార్డు దూరేంత ఖాళీ వచ్చింది. వేడికి జిగురు మెత్తబడుతుంది, పైనుంచి తీగలు లాగుతూనే ఉంటాయి, ఇంకేముంది. అతికించడానికి మూడు వారాలు పట్టింది. కాకినాడ, విశాఖ లాంటి సముద్రం ఒడ్డు ఊళ్లలో ఇంకో బాధ, తేమకీ ఉప్పుగాలికీ తీగలు త్వరగా పోతాయి, వాయించాక పాత బనియన్ గుడ్డతో ఒక్కసారి తుడిస్తే ఎక్కువ కాలం వస్తాయి.

శ్రుతి చేయకుండా ఒక్క నిమిషం కూడా వాయించొద్దు

ఒళ్లో పెట్టుకుంటే పైన లావు తీగ, కింద సన్న తీగ. పైదాన్ని ఆరో తీగ అంటారు, కిందదాన్ని ఒకటో తీగ, మొదట్లో అందరూ తికమక పడతారు. లావు తీగ నుంచి వరసగా ఇ, ఎ, డి, జి, బి, ఇ. ఫోన్లో ఏదో ఒక ట్యూనర్ యాప్ వేసుకోండి, లేదా గిటార్ తలకాయకి తగిలించే క్లిప్ ట్యూనర్ కొనండి, అది పక్కింటి మిక్సీ చప్పుడుకి గందరగోళపడదు. ఎప్పుడూ కింది స్వరం నుంచి పైకి బిగిస్తూ రండి, దాటిపోతే బాగా వదులు చేసి మళ్లీ పైకి రండి, అప్పుడే తీగ నిలబడుతుంది. కొత్త తీగలు రెండు మూడు రోజులు సాగుతూనే ఉంటాయి, గిటార్ పాడైందని కంగారు పడకండి.

మొదటిసారి ఒకటో తీగ మార్చినప్పుడు ఇ కోసం తిప్పుతూ దాటించేశాను. యాప్‌లో ఎఫ్ వచ్చింది, జి వచ్చింది. ఇంకా తిప్పితే చుట్టూ తిరిగి మళ్లీ ఇ వస్తుందిగా అనుకున్నాను, లెక్క ప్రకారం కరెక్టే. బి దగ్గరకు కూడా రాకుండానే టప్పున తెగి చేతి మీద గీత పడింది.

యాప్‌తో చేశాక చెవితో కూడా సరిచూసుకోండి. ఆరో తీగ ఐదో ఫ్రెట్ దగ్గర నొక్కితే ఐదో తీగ ఖాళీ స్వరం రావాలి. ఐదు నుంచి నాలుగుకీ, నాలుగు నుంచి మూడుకీ అలాగే. మూడో తీగకు మాత్రం నాలుగో ఫ్రెట్ నొక్కాలి, అప్పుడు రెండోది వస్తుంది. రెండో తీగకు మళ్లీ ఐదో ఫ్రెట్. రెండు తీగలూ కలిపి మీటినప్పుడు కొద్దిగా తేడా ఉంటే వాం-వాం-వాం అని ఒక అల వినిపిస్తుంది, దగ్గరపడేకొద్దీ ఆ అల నెమ్మదించి మాయమవుతుంది. తంబూరా దగ్గర కూర్చున్నవాళ్లకు ఇది కొత్తేం కాదు. రోజుకు రెండు నిమిషాలు ఈ పని చేస్తే నెలలో చెవి పదునెక్కుతుంది, వేరే వ్యాయామం అక్కర్లేదు.

ఎడమ చేయి

గోళ్లు తీసేయండి, ఎడమ చేతివి, పూర్తిగా. చేతుల్లేని కుర్చీలో కూర్చోండి, మంచం మీద వాలి వాయించడం తర్వాత. వేలి కొసతో, ఫ్రెట్ పట్టీకి ఆనుకునేంత దగ్గరగా, బ్రిడ్జి వైపు పట్టీకి వెనక నొక్కాలి. పట్టీ మీదే పెడితే శబ్దం మూగబోతుంది, దూరంగా పెడితే గరగర వస్తుంది, సరైన చోట పెడితే ఆశ్చర్యపోయేంత తక్కువ బలం చాలు.

నొప్పి ఉంటుంది. మూడు నాలుగు వారాల్లో వేళ్లు కాయలు కాస్తాయి, తర్వాత నొప్పి సంగతే గుర్తుండదు. అందాకా గంట ఒకేసారి కూర్చోవడం కన్నా పొద్దున పావుగంట, రాత్రి పావుగంట మేలు. వేలి కొస మండితే సరే, కానీ మణికట్టులోనో మోచేతిలోనో నొప్పి వస్తే అది వేరు, ఆపేయాలి, చేయి ఎక్కడో తప్పుగా వంగుతోందని అర్థం. కాయలు కాసిన రోజుల్లో మా ఆఫీసు బయోమెట్రిక్ మెషిన్ నా ఎడమ చూపుడు వేలు గుర్తుపట్టడం మానేసింది, హెచ్‌ఆర్ వాళ్లతో గిటార్ అని చెబితే నమ్మలేదు, కుడి వేలు మళ్లీ నమోదు చేయించుకోవాల్సి వచ్చింది.

మొదటి కార్డ్‌లుగా ఇ మేజర్, ఎ మైనర్ పట్టుకోండి. ఇ మేజర్‌కి మూడో తీగ ఒకటో ఫ్రెట్ చూపుడు వేలు, ఐదో తీగ రెండో ఫ్రెట్ నడిమి వేలు, నాలుగో తీగ రెండో ఫ్రెట్ ఉంగరపు వేలు. ఇప్పుడు ఆ మూడు వేళ్లనీ ఆకారం చెడకుండా ఒక్కో తీగ కిందికి, నేల వైపుకి జరపండి. అంతే, ఎ మైనర్. (ఇ మేజర్‌కి ఆరు తీగలూ మీటవచ్చు, ఎ మైనర్‌కి ఐదో తీగ నుంచి మీటండి.) వేళ్లు గుంపుగా లేచి గుంపుగా దిగాలన్న సంగతి ఈ జంట నేర్పినంత బాగా వేరేవి నేర్పవు. ఫోన్లో ఒక నిమిషం టైమర్ పెట్టి, ఒకదాన్నుంచి ఒకదానికి ఎన్నిసార్లు మారగలిగారో లెక్కపెట్టండి, గోడ మీది క్యాలెండర్‌లో రాయండి. నాకు మొదటి రోజు తొమ్మిది. ముప్పై దాటితే పాటలో వాడుకోవచ్చు.

ఆ తర్వాత జి, సి, డి, ఇ మైనర్. ఎఫ్ దగ్గరికొచ్చేసరికి ఒక్క వేలితో ఆరు తీగలూ అడ్డంగా నొక్కమంటారు (దాన్ని బార్ కార్డ్ అంటారు) చూడండి, గిటార్‌లు బీరువా ఎక్కేది అక్కడే. దానికి ఇప్పుడే తొందర లేదు. రెండో తీగ ఒకటో ఫ్రెట్, మూడో తీగ రెండో ఫ్రెట్, నాలుగో తీగ మూడో ఫ్రెట్, ఒకటో తీగ ఖాళీగా వదిలి కింది నాలుగు తీగలే మీటండి. ఇది అసలు ఎఫ్ కాదని ఎవరో ఒకరు అంటారు, నిజమే, ఎఫ్ మేజర్ సెవెన్ అంటారు, ఎక్కువ పాటల్లో అది చక్కగానే ఒదుగుతుంది. పెద్ద ఎఫ్‌ని ఆర్నెల్ల తర్వాత రోజుకు రెండు నిమిషాలు పలకరిస్తూ ఉండండి, ఒక రోజు అదే వచ్చేస్తుంది.

కుడి చేయి, అసలు పాట ఇక్కడుంది

వినేవాళ్లు ఎడమ చేతి తప్పులు క్షమిస్తారు, కుడి చేయి ఆగితే మాత్రం వెంటనే పట్టేస్తారు. కార్డ్ తప్పు పడినా తాళం నడుస్తుంటే పాట నడుస్తుంది. కాబట్టి మొదటి సూత్రం, కుడి చేయి గోడ గడియారం లోలకంలా పైకీ కిందికీ ఊగుతూనే ఉండాలి, తీగను తాకినా తాకకపోయినా.

ఇంటర్నెట్ నిండా కింద-కింద-పైన-పైన-కింద-పైన అని ఒక స్ట్రమ్మింగ్ (తీగలన్నీ కలిపి మీటే వరస) ఉంటుంది, దాన్ని బాణం గుర్తులతో నేర్చుకోబోయి నెల పాడుచేసుకున్నాను. మనకు అంతకన్నా మంచి పద్ధతి ఉంది. తకదిమి తకజొణు అనండి, ఎనిమిది అక్షరాలు. త అన్నప్పుడు చేయి కిందికి, క అన్నప్పుడు పైకి, ది కిందికి, మి పైకి, అలా ఎనిమిదీ. ముందు గిటార్ లేకుండా తొడ మీద చేయండి. ఇప్పుడు గిటార్ తీసుకుని మొదటి 'క' దగ్గరా, రెండో 'త' దగ్గరా మాత్రం తీగను తాకకుండా గాల్లోనే పోనివ్వండి, మిగతా ఆరూ తాకండి. అదే ఆ స్ట్రమ్మింగ్. నోటితో అంటూ ఉంటే చేతికి లెక్కపెట్టాల్సిన పని ఉండదు. చెప్పడానికి ఇబ్బందిగానే ఉంటుంది, ముప్పై ఏళ్లు దాటిన మనిషి తలుపు వేసుకుని తకదిమి అనుకుంటూ తొడ కొట్టుకోవడం, మా ఆవిడ రెండుసార్లు తలుపు తీసి చూసి ఏమీ అనకుండా వేసేసింది.

ఇంకో నడక తకిట తకిట. ఒక్కో తకిటలో త గట్టిగా కిందికి, కి మెల్లగా కిందికి, ట పైకి. మన జానపదాల్లో, ఊపున్న సినిమా పాటల్లో ఈ నడక విపరీతంగా ఉంటుంది, విదేశీ పాఠాల్లో మాత్రం దీన్ని చివరెక్కడో పెడతారు. తెలుగు పాటలు వాయించాలనుకుంటే రెండో వారంలోనే ఎత్తుకోండి.

తాళానికి టిక్ టిక్ మని కొట్టే మెట్రోనోమ్ యాప్ వేసి నిమిషానికి 60 దెబ్బల దగ్గర మొదలుపెట్టండి. నెమ్మదిగా వాయించడమే కష్టమని అప్పుడు తెలుస్తుంది. పిక్ (తీగలు మీటే చిన్న ప్లాస్టిక్ ముక్క) పలచనిది తీసుకోండి, 0.46 లేదా 0.60 మిల్లీమీటర్లు, లావుది తీగల్లో ఇరుక్కుంటుంది. అయిదారు కొనండి, అవి ఎక్కడికి పోతాయో ఎవరికీ తెలియదు, సోఫా సందుల్లో రెండు దొరుకుతాయి.

మొదటి పాట: ఎవరి గొంతుకి వాయిస్తున్నారు?

ఇక్కడ అందరూ చేసేది నచ్చిన పాట పేరు కొట్టి కార్డ్‌లు వెతకడం. దొరుకుతాయి, సగం తప్పులుంటాయి, సరైనవైనా ఆ శ్రుతి మీ గొంతుకి సరిపడదు, పాడబోతే అనుపల్లవి దగ్గర గొంతు చిరిగిపోతుంది. అందుకని ముందు గొంతు చూసుకోండి. హార్మోనియం దగ్గర పాడేవాళ్లు ఒకటి, ఒకటిన్నర, ఐదున్నర అంటారు కదా, ఆ లెక్క గిటార్‌కి భలే పనికొస్తుంది. తెల్ల మెట్లు పూర్తి అంకెలు, నల్ల మెట్లు అరలు. ఒకటి అంటే సి, రెండు డి, మూడు ఇ, నాలుగు ఎఫ్, ఐదు జి, ఆరు ఎ, ఏడు బి. ఒకటిన్నర అంటే సి షార్ప్, ఐదున్నర అంటే జి షార్ప్. మూడున్నర ఉండదు, ఎందుకంటే ఇ, ఎఫ్ మధ్య నల్ల మెట్టు లేదు.

మా చెల్లి ఐదున్నరకి పాడుతుంది. చిన్నప్పుడు నాలుగేళ్లు సంగీతం నేర్చుకుంది. నేను జి కార్డ్‌లు పట్టుకుని మొదలుపెడితే, 'అన్నయ్యా, అది ఐదు, నాకు అర తక్కువుంది' అనేది, నేనేమో జి షార్ప్‌కి బార్ కార్డ్‌లు పట్టలేక తెల్లమొహం వేసేవాణ్ని. అప్పుడు కొన్నాను కాపో. నెక్‌కి బిగించే క్లిప్పు అది, ఒకటో ఫ్రెట్ మీద పెడితే మొత్తం గిటార్ అర శ్రుతి పైకి వెళ్తుంది, మీరు మాత్రం తేలికైన జి, సి, డి ఆకారాలే పట్టుకుంటారు, బయటికి వినిపించేది ఐదున్నర. సి ఆకారాలతో ఒకటో ఫ్రెట్ మీద పెడితే ఒకటిన్నర, చాలామంది మగ గొంతులు అక్కడ హాయిగా పాడతాయి.

శ్రుతి కుదిరాక కార్డ్‌లు మీరే వెతకండి. ఉదాహరణకి శ్రుతి సి అనుకోండి, మీ దగ్గర ఆరు కార్డ్‌లున్నాయి: సి, ఎఫ్, జి, డి మైనర్, ఇ మైనర్, ఎ మైనర్. పల్లవి నెమ్మదిగా పాడుతూ అది ఎక్కడ వచ్చి కూర్చుంటుందో చూడండి, ఎక్కువగా అదే దాని ఇల్లు. సంతోషంగా కూర్చుంటే సి, దిగులుగా కూర్చుంటే ఎ మైనర్ అయ్యే అవకాశం ఎక్కువ. ఇంటి కార్డ్ పట్టుకుని పాడుతూ పొండి, ఎక్కడో ఒకచోట చెవికి రాయి తగిలినట్టు ఉంటుంది, అక్కడ ఆగి మిగతా ఐదూ ఒక్కొక్కటీ వేసి చూడండి. ఒకటి సర్దుకుంటుంది. పెన్సిల్‌తో ఆ అక్షరం మీద రాసుకోండి. నా మొదటి పాటకి రెండు సాయంత్రాలు పట్టింది, ఇప్పటికీ మర్చిపోని పాట అదే, నెట్‌లో చూసి వాయించినవి వంద మర్చిపోయాను.

స్వరాలు దొరకబుచ్చుకోవడం

కార్డ్‌ల దగ్గరే ఆగిపోతే రెండేళ్లకి విసుగొస్తుంది. పాట స్వరాలు గిటార్ మీద ఎక్కడున్నాయో తెలిస్తే అప్పుడు తలుపు తెరుచుకుంటుంది. సంగీతం క్లాసుకి వెళ్లినవాళ్లుంటే ఇది మరీ తేలిక, వెళ్లకపోయినా స రి గ మ అందరికీ నోటికొచ్చిందే.

సా ఐదో తీగ మూడో ఫ్రెట్ దగ్గర పెట్టుకోండి. రి నాలుగో తీగ ఖాళీ, గ నాలుగో తీగ రెండో ఫ్రెట్, మ దాని మూడో ఫ్రెట్, ప మూడో తీగ ఖాళీ, ద మూడో తీగ రెండో ఫ్రెట్, ని రెండో తీగ ఖాళీ, పై స రెండో తీగ ఒకటో ఫ్రెట్. ఇది శంకరాభరణం, పాశ్చాత్యులు సి మేజర్ స్కేల్ అనేదీ ఇదే. దీని మీద సరళీ స్వరాలు, జంట స్వరాలు నోటితో పాడుతూ వాయించండి, పాడకుండా మాత్రం వద్దు. ఇప్పుడు రెండే మార్పులు చేయండి: రి కోసం ఐదో తీగ నాలుగో ఫ్రెట్‌కి, ద కోసం మూడో తీగ ఒకటో ఫ్రెట్‌కి. వినగానే గుర్తుపడతారు, క్లాసులో పిల్లలు సరళీ స్వరాలు పాడే మాయామాళవగౌళ అది. శంకరాభరణంలో మ, ని వదిలేస్తే మోహన. దానిలో వరవీణా గీతం చాలామందికి వచ్చు, పుస్తకం చూడకుండా స్వరం స్వరం వెతికి పట్టుకోండి, ఒక ఆదివారం దానికే ఇచ్చేయండి.

ఈ పద్ధతి నా సొంత తెలివేం కాదు. పాలకొల్లులో పుట్టిన మాండొలిన్ శ్రీనివాస్ గారి గురించి అందరికీ తెలుసు. ఆయన గురువు రుద్రరాజు సుబ్బరాజు గారికి మాండొలిన్ వాయించడం రాదు. ఆయన పాడేవారు, ఆరేళ్ల పిల్లాడు అది విని మాండొలిన్ మీద పలికించేవాడు. అలా గురువు పాడింది విని నేర్చుకున్న పిల్లాడు ప్రపంచమంతా తిరిగి కచేరీలు చేశాడు. మనం ఆయన కాలి గోటికి సరిపోం, కానీ రోజూ ఒక్క చరణం విని, పాడి, తీగ మీద వెతుక్కోవడం మన చేతిలో పనే.

ఒక హెచ్చరిక. గిటార్‌కి ఫ్రెట్‌లు కట్టేసి ఉంటాయి, గమకాలు కావాలంటే తీగను పక్కకు లాగాలి, లేదా వేలిని జార్చాలి, స్టీల్ తీగల మీద అది చాలా సాధన అడుగుతుంది. అలాగే అన్ని రాగాలకీ కార్డ్‌లు వేయాలని చూడకండి. నేను తోడికి కార్డ్‌లు కట్టాలని ఒక శనివారమంతా కూర్చున్నాను, సాయంత్రానికి తోడీ మిగల్లేదు, కార్డ్‌లూ మిగల్లేదు. అలాంటి పాటకి స, ప మాత్రం తంబూరాలా మీటుతూ ఉంటే చాలు, పాడేవాళ్లు దండం పెడతారు.

రోజూ ఎలా?

ఇరవై అయిదు నిమిషాలు. ఐదు శ్రుతికీ స్వరాలకీ, పది కార్డ్‌ల మార్పులకీ తాళానికీ, పది పాటకి. గిటార్‌ని కవర్లో పెట్టకండి, హాల్లో నాలుగైదొందల స్టాండు మీద కంటికి కనబడేలా పెట్టండి, టీ మరిగేలోపు కూడా చేయి దాని మీదికి పోతుంది. (పసిపిల్లలున్న ఇల్లయితే గోడకి కొక్కెం వేయించుకోండి.) వారానికోసారి ఫోన్లో రికార్డు చేసుకోండి. వినడం నరకమే, నాకైతే మొదటిసారి నేనెంత తొందరపడుతున్నానో అప్పుడే తెలిసింది, ప్రతి చరణం చివర తాళం పరుగెడుతోంది.

మాస్టారు కావాలా అంటే, కనీసం రెండు నెలలు కావాలి. వీడియో మీ మణికట్టు చూడలేదు. వెళ్లేముందు ఆయన్ని ఒక్కటే అడగండి, 'సార్, నేను పాడే పాటకి కార్డ్‌లు ఎలా వెతకాలో నేర్పిస్తారా?' అని. ఎంతసేపూ ఆయన రాసిచ్చిన కాగితాలే అయితే ఇంకొకర్ని చూసుకోండి. పిల్లలకయితే లండన్ ట్రినిటీ కాలేజీ వాళ్ల సంగీతం గ్రేడ్ పరీక్షలు కొంచెం క్రమశిక్షణ ఇస్తాయి, నోట్స్ (పాశ్చాత్య స్వరలిపి) చదవడం వస్తుంది. పెద్దవాళ్లకి సర్టిఫికెట్‌తో పనేముంది, టెన్షన్ తప్ప.

పదిమందిలో కూర్చోండి

మూడో నెలలోనే కూర్చోండి, నాలుగు కార్డ్‌లు వస్తే చాలు. భజన, పుట్టినరోజు, అపార్ట్‌మెంట్ టెర్రస్, ఏదైనా సరే. ఒంటరిగా ఆర్నెల్లలో రానిది ఒక్క సాయంత్రంలో వస్తుంది, ఎందుకంటే అక్కడ తప్పు చేసి మళ్లీ మొదటి నుంచి వాయించడం కుదరదు, పాడేవాళ్లు వెళ్లిపోతూ ఉంటారు, మీరు పరిగెత్తి అందుకోవాలి. కార్డ్ దొరక్కపోతే తీగల మీద అరచేయి పెట్టి చప్పుడుగా తాళం మాత్రం కొట్టండి, ఎవరికీ తెలియదు. పాడేవాళ్ల నోరు చూడండి, మీ వేళ్లు కాదు. వాళ్లు ఊపిరి పీల్చుకునేచోట మీరు తగ్గండి. పక్కన కీబోర్డు ఉంటే సగానికి సగం తక్కువ వాయించండి, ఇద్దరూ అన్నీ నింపేస్తే పాట ఊపిరాడక చస్తుంది. సంచిలో అదనపు ఒకటో తీగ, ట్యూనర్, నాలుగు పిక్‌లు, కాపో ఉన్నాయో లేదో బయల్దేరే ముందు చూసుకోండి, పికప్ (స్పీకర్‌కి కలిపే ఏర్పాటు) ఉన్న గిటార్ అయితే 9 వోల్టుల బ్యాటరీ కూడా.

ఆ కాపో మాట ఊరికే అనడం లేదు. నిరుడు చవితికి చెల్లి పుట్టింటికొచ్చింది, మూడో రోజు రాత్రి పందిట్లో పాడమన్నారు. డోలక్ ఒకటి, తాళాలు, నేను. మైకు సర్ది కూర్చున్నాక సంచి తీస్తే కాపో లేదు, ఇంట్లో టీవీ పక్కన ఉండిపోయింది. చెల్లి నా మొహం చూసి అర్థం చేసుకుని, 'ఐదుకే కానిచ్చేద్దాంలే అన్నయ్యా' అంది. కానిచ్చేశాం, నాలుగు పాటలు, అందరూ చప్పట్లు కొట్టారు. ప్రసాదం పంచుతుంటే అమ్మ మా చెల్లి దగ్గరికొచ్చి, 'ఏంటే, ఇవాళ గొంతు కొంచెం దిగింది, జలుబు చేసిందా?' అంది దాంతో. అమ్మ ఏనాడూ సంగీతం నేర్చుకోలేదు. మర్నాడే వెళ్లి ఇంకో కాపో కొన్నాను, ఇప్పుడు ఒకటి సంచిలోనే ఉంటుంది.